చెయ్యి పెట్టి చూసినావా

శుక్రవారం తెల్లవారగానే తలంటు. ధనభాగ్యం ఇంట్లో అది తప్పదు. మిల్లు కూతను రాజపాళయంలో సంగు అంటారు. ఆ సంగు ఊదేలోపల కూతురు నాచ్చియార్‌కు నూనె పెట్టి, సీకాయ రుద్ది, నీళ్ళు పోసి, జడ అల్లి, పక్కింటి సుబ్బమ్మాళ్ అవ్వకు అప్పగించి పరుగెత్తాలి. కాగులో మరిగిన నీళ్ళు బకెట్టులో పోసి, చన్నీళ్ళు కలుపుతూ, కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచి చూసేది ధనభాగ్యం. ఐదేళ్ళ నాచ్చియార్ పీటమీద వణుకుతూ ప్రతివారం అదే మాట అడిగేది.

"చెయ్యి పెట్టి చూసినావా అమ్మా?"

"చూసినాలేవే. కండ్లు మూసుకో."

అప్పుడు గానీ పిల్ల కళ్ళు మూసుకొని తల వంచేది కాదు. అమ్మ చెయ్యి చూసిందంటే నీళ్ళు సరిగ్గా ఉన్నట్టే. ఆ పిల్లకు దేవుడి మీద ఎంత నమ్మకమో తెలీదు గానీ ఆ చెయ్యి మీద మాత్రం ఉంది.

ఆ చెయ్యి అప్పటికే సగం చచ్చిన చెయ్యి. సేత్తూరులో ఉన్నప్పుడు కొడవలి పట్టింది, పెళ్ళయి వచ్చాక మిల్లులో దారం పట్టింది. నూలు చిలపలు చుట్టే రీలింగు ఖాతాలో పొద్దున్నుంచి తెగిన దారాలు ముడివెయ్యడమే పని. సాయంత్రానికి వేళ్ళు ముడుచుకుపోయి, రసం అన్నం కలుపుకోవాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మొగుడు మునియసామి సత్రపట్టిలో ఆసుపత్రులకు పోయే బ్యాండేజి గుడ్డ నేస్తాడు, ఆదివారం మాత్రమే వస్తాడు. వచ్చినప్పుడు ఆ వేళ్ళకు వేపనూనె రాసి, "ఇంకెన్ని నాళ్ళు తోలుతావే ఈ వేళ్ళను" అని బాధపడేవాడు.

ఆ యేడు ఎలక్షను గోడరాతలు ఇంకా చెరగకముందే, మిల్లు ముదలాళి, అంటే యజమాని, వేంకటసుబ్రహ్మణ్య రాజా రెండో కొడుకు మద్రాసు నుంచి దిగాడు. పేరు జగన్నాథ రాజా, మిల్లువాళ్ళకు చిన్నయ్య. అక్కడ శిల్పం, ఫోటోగ్రఫీ నేర్చుకున్నాడు. పత్తి గోడౌను వెనక షెడ్డులో మకాం పెట్టి, సత్రపట్టి గుడ్డను ప్లాస్టరు నీళ్ళలో తడిపి, మనుషుల ఒంటికి చుట్టి, ఆరాక ఒలిచి అచ్చు తీసేవాడు. దేవుడి బొమ్మలు చెయ్యడెందుకో అని మిల్లంతా చెవులు కొరుక్కుంది. మనిషి ఒళ్ళే దేవుడని ఆయన అనేవాడు. మాట బాగానే ఉంది. దేవుడికి ఆకలేస్తుందని మాత్రం ఆయనకు తెలీదు.

మొదట గేటు వాచ్‌మన్ కుమారసామి మోకాలికి అచ్చు తీశాడు. ఆ మోకాలి నొప్పి అచ్చులోకి పోయింది. కుమారసామి మర్నాడు ఉరుకుతూ వచ్చి గేటు తీశాడు. కొండకింద అయ్యనారు గుడిలో మట్టి కాలో మట్టి చెయ్యో పెట్టి మొక్కుకొనే అలవాటు ఉన్న ఊరది. ఇదీ అలాంటిదే, కాకపోతే కొండదాకా నడవక్కర్లేదు అనుకున్నారు. ఎక్కడ తప్పు చేశారంటే అక్కడే. అయ్యనారు నొప్పి ఒక్కటే ఉంచుకుంటాడు. చిన్నయ్య దగ్గర అంత లెక్క లేదు.

ఊరకే రారు మహానుభావులు. ఒకనాడు ముదలాళే స్వయంగా షెడ్డుకు వచ్చాడు. అప్పటిదాకా కొడుకు బొమ్మలను చూసి మొహం తిప్పుకున్న మనిషి, కుమారసామి మోకాలిని తిప్పి తిప్పి చూసి, మేస్త్రీ అళగర్సామిని పిలిచాడు. వారం తిరక్కుండా రీలింగు ఖాతా ఆడవాళ్ళందరినీ షెడ్డుముందు వరుసలో నిలబెట్టారు. మధ్యాహ్నం కాసేపు కాళ్ళు చాపుకొనే విరామం ఎత్తేశారు. నొప్పే లేని చేతులకు రెస్టు ఎందుకు?

ధనభాగ్యం వంతు వచ్చినప్పుడు చిన్నయ్య ఆమె చేతులను వెలుతురుకు ఎత్తి చూసి మురిసిపోయాడు. బొటనవేలు కింద కొడవలి గాటును వేలితో నిమిరాడు. ముందు ఫోటో తీశాడు.

"మొగం పడిందా చిన్నయ్యా? తల కూడా దువ్వుకోలేదే" అంది సిగ్గుపడుతూ.

"మొగంతో నాకేం పని? కదలద్దు."

గుడ్డ చుట్టాడు, ఆరనిచ్చాడు, ఒలిచాడు. చేతులు రెండూ దూదిలాగా తేలికైపోయాయి. ఆ సాయంత్రం ఆమె అన్నం కలుపుకొని తింది. గిన్నె తోమింది. ఎన్నాళ్ళకో పాట కూడా పాడింది. పొయ్యిమీద ఉడికే కుండను మసిగుడ్డ లేకుండా దించితే సుబ్బమ్మాళ్ అవ్వ నోరు తెరిచింది.

"కాలలేదా మే?"

"ఏమీ కాలలే అవ్వా. రాయి మాదిరి ఉండాది" అని నవ్వింది. గొప్పగా నవ్వింది కూడా.

ఇటు ఖాతాలో దారం రెండింతలు సాగింది. అటు షెడ్డులో బల్లమీది ప్లాస్టరు చేతులు సాయంత్రం సంగు ఊదే వేళకు మెల్లగా వేళ్ళు ముడుచుకొనేవి. చిన్నయ్య కెమెరా పెట్టుకొని ఆ వేళ కోసం కాచుకొనేవాడు. ఆ ఫోటోలన్నీ పెద్దవి చేసి గోడకు కొట్టాడు. ఆ చేతుల్లో ధనభాగ్యం చేతులే ఆయనకు ఎక్కువ నచ్చాయి. తల లేని నిలువెత్తు బొమ్మ ఒకటి కూర్చి, దానికి కుమారసామి మోకాలు, పత్తి బేళ్ళు మోసే ఒకాయన వీపు, ధనభాగ్యం చేతులు అతికాడు. మద్రాసు ఎగ్జిబిషనుకు అది పోవాలి. పిల్లికి చెలగాటం అంటే ఇదే.

ఆ శుక్రవారం కూడా అన్ని శుక్రవారాల మాదిరే తెల్లవారింది. సీకాయ రుద్దడం అయింది. మేస్త్రీ ముందురోజే కసిరి ఉన్నాడు, ఆలస్యమైతే గేటు మూస్తానని. ధనభాగ్యం తొందరగా నీళ్ళు కలిపి చెయ్యి ముంచింది. చెయ్యి ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పలేదంటే సరిగ్గా ఉన్నట్టే అనుకుంది. ఇన్నేళ్ళ అలవాటు మరి, ఆ చెయ్యి ఇప్పుడు తనది కాదని ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

"చెయ్యి పెట్టి చూసినావా అమ్మా?"

"చూసినాలేవే. కండ్లు మూసుకో."

పిల్ల తల వంచింది. మొదటి చెంబు మెడమీంచి వీపుమీదికి జారింది. నాచ్చియార్ కెవ్వున అరిచింది. సీకాయ కళ్ళలో పడితే ఏ పిల్లయినా అరుస్తుంది కదా. కడిగేద్దామని తల్లి రెండో చెంబు కూడా పోసేసింది.

ఆదివారం మునియసామి వచ్చాడు. బోర్లా పడుకొని మూలుగుతున్న కూతుర్ని చూశాడు. పెళ్ళాం వైపు చూడకుండానే బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు రాలేదు. పుండుకు కట్టడానికి తాను నేసిన గుడ్డ మాత్రం ఎవరో ఒకరి చేత పంపేవాడు.

పుండు మానింది గానీ మంట మానలేదు. వీపంతా ముడతలు పడి, గాలి తగిలినా పిల్ల ఏడ్చేది. అంతకంటే ఘోరం ఇంకొకటి. ధనభాగ్యం చెయ్యి చాస్తే చాలు, నాచ్చియార్ గోడకు అతుక్కుపోయేది. "చేతులొద్దు, చేతులొద్దు" అనేది. అన్నం అవ్వ పెట్టాలి, జడ అవ్వ వెయ్యాలి. కన్నతల్లి గడపలో కూర్చొని చూడాలి.

చివరికి ఒకరోజు పిల్లను నడిపించుకొని షెడ్డుకు వెళ్ళింది. బొమ్మను మద్రాసుకు పంపడానికి పక్కనే పెట్టె, ఎండుగడ్డి సిద్ధంగా ఉన్నాయి.

"చిన్నయ్యా, నా చేతులు నాకు ఇచ్చేయండి."

జగన్నాథ రాజా గడ్డి సర్దుతూనే నవ్వాడు. "నీ చేతులు నీ దగ్గరే ఉండాయి కదమ్మా."

"అవి కాదు. ఇదో, కొడవలి గాటు. ఇవి."

"దాన్ని పగలగొడితే తప్ప రాదు. పగలగొడితే ఇన్ని నెలల నొప్పి ఒక్కసారిగా నీ మీదికే వస్తాది. తట్టుకుంటావా? వదిలెయ్యి. హాయిగా ఉండు."

అప్పుడే ఆయన చూపు పిల్ల వీపుమీద పడింది. రవిక వెయ్యలేని వీపు. ఆయన లేచి వచ్చి, కిటికీ వెలుతురులోకి పిల్లను మెల్లగా తిప్పాడు. కసాయివాడు చూసినట్టు చూడలేదు, అది నిజం. పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాడు. అదే ఎక్కువ భయం.

"ఎంత బాగుండాది" అన్నాడు తనలో తాను. తర్వాత ధనభాగ్యంతో, "ఈ వీపు నాకు ఇయ్యి. మంట ఇప్పుడే పోతాది. ఈ రోజు పిల్ల నిమ్మళంగా నిద్రపోతాది" అన్నాడు.

ధనభాగ్యం ఒప్పుకుంది. తప్పు పట్టకండి. పిల్ల నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలుసు. ఫోటో తీశాడు. పిల్లను బల్లమీద బోర్లా పడుకోబెట్టాడు. పళ్ళెంలో వెచ్చటి నీళ్ళు పోసి, ప్లాస్టరు కలిపి, గుడ్డ ముంచి ఎత్తాడు. గుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నాచ్చియార్ మెడ తిప్పి ఆ నీళ్ళను చూసింది. బిగుసుకుపోయింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి తల్లి మొహంలోకి చూసింది.

"చెయ్యి పెట్టి చూసినావా అమ్మా?"

ధనభాగ్యం తన చేతుల వైపు చూసుకుంది. చూశానంటే అబద్ధం. ఈ గుడ్డ ఆరిపోయాక ఇక ఆ వీపుకు ఏ నీళ్ళు ఎలా ఉన్నా ఒక్కటే, ఎవరూ ఏదీ అడగక్కర్లేదు. తన చేతుల మాదిరి.

బల్లమీద సుత్తి ఉంది. ఆమె దాన్ని అందుకొని బొమ్మ కుడిచేతి మీద కొట్టింది. ఒక్క దెబ్బకే పొడి అయింది. ఆ క్షణమే ఇన్ని నెలల రెండింతల పని, తెగిన దారాలు, మసిగుడ్డ లేకుండా దించిన కుండలు, ఆ శుక్రవారం నీళ్ళు, అన్నీ కలిసి ఆమె కుడిచేతిలోకి వచ్చి పడ్డాయి. ఎడమచెయ్యి ఇంకా బొమ్మకే ఉంది. దాన్ని పగలగొట్టాలంటే సుత్తి ఎత్తాల్సింది ఆ మండే కుడిచేత్తోనే. ఎత్తింది.

నేలమీద పడి గిలగిలా కొట్టుకుంటూ ఉంటే క్లిక్కుమని చప్పుడు వినిపించింది. చిన్నయ్య ఫోటో తీసుకున్నాడు. అందులోనూ మొగం పడకుండా జాగ్రత్తపడ్డాడు.

పిల్ల వీపు అచ్చు ఎక్కలేదు. బొమ్మ చేతులు లేకుండానే మద్రాసుకు పోయింది. చేతులు లేకపోవడమే అందులో గొప్ప అని పెద్దవాళ్ళు మెచ్చుకున్నారట. పేపర్లో వేశారు, బహుమతి కూడా ఇచ్చారు. ముదలాళి ఆ పేపరును ఆఫీసులో అద్దం కట్టించి పెట్టుకున్నాడు. ముడుచుకుపోయిన వేళ్ళతో దారం ముడి పడదు కాబట్టి, మేస్త్రీ అళగర్సామి ధనభాగ్యాన్ని గేటు దగ్గరే ఆపేశాడు. "నీకు ఎవురు చెప్పినారమ్మా పగలగొట్టమని?" అన్నాడు. పాపం, నిజంగానే అర్థం కాక అడిగాడు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. సుబ్బమ్మాళ్ అవ్వ నూనె పెట్టి, సీకాయ రుద్ది, నీళ్ళు కాచి, బకెట్టు పెట్టింది. ధనభాగ్యం వచ్చి బకెట్టు పక్కన మోకాళ్ళమీద కూర్చొని చెయ్యి నీళ్ళలో ముంచింది. గోరువెచ్చటి నీళ్ళే. అయినా నిప్పుల్లో పెట్టినట్టు చెయ్యంతా భగ్గుమంది. పళ్ళు బిగించి అలాగే ఉంచింది, చన్నీళ్ళు కలిపింది, మళ్ళీ ముంచింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నాచ్చియార్ గోడవార నుంచి అంతా చూస్తూ ఉంది. కాసేపటికి వచ్చి, తల్లి చేతుల మీద ఉఫ్ ఉఫ్ అని ఊది, వీపు తిప్పి పీటమీద కూర్చుంది.

ధనభాగ్యం ఆ వీపుమీద చెయ్యి వేసింది. ఇన్నాళ్ళూ కళ్ళతో మాత్రమే చూసిన వీపు. ఇప్పుడు ఒక్కొక్క ముడతా తెలిసింది. రెండో చెంబు ఎక్కడ పడిందో కూడా తెలిసింది. చెయ్యి తీసెయ్యాలనిపించింది గానీ తియ్యలేదు.

వీధిలో సంగు ఊదింది. రీలింగు ఖాతా ఆడవాళ్ళు నొప్పిలేని చేతులు ఊపుకుంటూ గడప ముందునుంచి పోతున్నారు.

"చెయ్యి పెట్టి చూసినావా అమ్మా?"

"చూసినా తల్లీ."

నాచ్చియార్ కళ్ళు మూసుకొని తల వంచింది.