ఆమె టైపు చేయని వాక్యం

లోర్నా బన్నులను అడ్డంగా కోసి వెన్న రాస్తూ, భర్త ఉపన్యాసాన్ని అతనికంటే అర వాక్యం ముందుగా మనసులో చదువుకుంటోంది. స్కూలు వంటగదికీ హాలుకూ మధ్య ఉన్న వడ్డన కిటికీ తెరిచే ఉంది. అవతల శనివారం ఏడాది చివరి స్కూలు నృత్యమైన ప్రామ్‌కు కార్లలో బయలుదేరబోయే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. మైకు ముందు కర్టిస్. అమెరికాలోని ఈ అయోవా ఊళ్లో పద్దెనిమిదేళ్లుగా ప్రతి పిల్లకూ పిల్లవాడికీ స్టీరింగు పట్టుకోవడం నేర్పినవాడు. ఆ ఉపన్యాసాన్ని టైపు చేసింది లోర్నా. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది లోర్నా. ఈ నూట అరవై బన్నుల కోసం క్లినిక్‌లో పూట సెలవు పెట్టింది కూడా ఆమే. “పిల్లల ప్రాణాల కోసం ఆ మాత్రం చెయ్యలేమా?” అంటాడు కర్టిస్. ఆ ‘మాత్రం’ ఎప్పుడూ ఆమె వాటాకే వస్తుంది.

“తాగి నడపకండి. తాగినవాడి కారెక్కకండి,” అంటున్నాడు కర్టిస్. అది ఆమె టైపు చేసిందే. “నడుపుతూ ఫోన్ జోలికి పోకండి.” అదీ అంతే. ఆ తర్వాత ఆమెకు తెలియని వాక్యం వచ్చింది.

“ఎవరిదో ఎందుకు, మా ఇంటి సంగతే చెబుతా. రెండేళ్ల కిందట మా ఆవిడ కారు గుంటలో పడింది. జింక అడ్డొచ్చిందని మీ అందరికీ చెప్పింది. జింకా లేదు, గింకా లేదు. ఫోన్ చూసుకుంటూ పోయింది. డ్రైవింగ్ మాస్టారి పెళ్లామండీ బాబూ.”

పిల్లలు విరగబడి నవ్వారు. పక్కన బన్నుల్లో హామ్ మాంసం ముక్కలు పరుస్తున్న స్నేహితురాలు జనెల్ చెయ్యి ఆగింది.

“జింకన్నావు కదే? ఆ జింక పేరు చెప్పి పది రోజులు నీకు వండి పంపానే.”

లోర్నా మరో బన్ను అందుకుంది.

అది రెండేళ్ల కిందటి ఫిబ్రవరి సాయంత్రం. రోడ్డు మీద పలచటి మంచు పొర. ‘చికెన్ ఫ్రీజర్‌లోంచి తీశావా?’ అని మెసేజ్. కర్టిస్ మెసేజ్‌కు నిమిషం లోపు జవాబు రావాలి. రాకపోతే ఒక ప్రశ్నార్థకం వస్తుంది, తర్వాత మూడు, ఆపైన భోజనాల బల్ల దగ్గర మాటలు ఆగిపోతాయి, ఒక్కోసారి ఆదివారం దాకా. అతడు ఎన్నడూ చెయ్యెత్తలేదు. అందుకే జరుగుతున్నదానికి పేరు పెట్టడం ఆమెకు చేతకాలేదు. ‘తీశాను’ అన్న ఒక్క మాట కొట్టేసరికి చక్రం రోడ్డు అంచు దాటింది, భుజం దగ్గర ఎముక విరిగింది. జింక కథ అల్లింది ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న కర్టిస్. “మెసేజ్ నాదని తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించావా? ఇద్దరి మంచికే చెబుతున్నా.” రెండేళ్లు ఆ అబద్ధాన్ని ఇద్దరూ కలిసి మోశారు. ఈ రోజు అతడు తన సగాన్ని మెల్లిగా దించుకుని, మొత్తం బరువు ఆమె నెత్తిన పెట్టి, పైగా చప్పట్లు కొట్టించుకుంటున్నాడు. గుంటలో పడ్డప్పుడు కూడా ఆమెకు ఇంత ఒంటరిగా అనిపించలేదు.

పదిహేడేళ్ల కూతురు బ్రిన్, జాగ్రత్తగా నడుపుతామని పిల్లలు సంతకం చేసే ప్రతిజ్ఞ కార్డు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. శనివారం ముగ్గురు స్నేహితురాళ్లను ఎక్కించుకుని నలభై మైళ్లు నడపబోయేది తనే.

“అమ్మా, సాక్షి సంతకం నువ్వు పెట్టు. నాన్న చుట్టూ జనం.”

“నడిపేటప్పుడు నాన్న మెసేజ్ పెడితే ఏం చేస్తావు?”

“నాన్నది వేరే కదా,” అంది బ్రిన్ తేలిగ్గా. “ఫోన్ ఒళ్లో పెట్టుకుని చూడకుండానే ఓకే కొట్టేస్తా. లేకపోతే ఇల్లెలా ఉంటుందో తెలుసుగా. నువ్వూ అంతేగా.”

కారు నడపడం ఈ పిల్లకు కర్టిస్ నేర్పాడు. జవాబివ్వడం నేర్పింది మాత్రం తాను. ఏళ్ల తరబడి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, నోరు విప్పకుండా నేర్పింది.

“ఆ రోజు నాకు మెసేజ్ పెట్టింది మీ నాన్నే,” అంది లోర్నా.

బ్రిన్ మొహంలో తేలికతనం పోయింది. “మరి జింక అని ఎందుకు చెప్పావు?”

ఇంతలో ఏప్రన్ జేబులో ఫోన్ మోగింది. హాలు అవతలి కొసనుంచి కర్టిస్. ‘కాఫీ అయిపోయింది.’ లోర్నా చదివి, ఫోన్‌ను బల్ల మీద పెట్టి, కార్డు మీద తన పేరు పూర్తిగా, నెమ్మదిగా రాసింది. ప్రశ్నార్థకం వచ్చింది. తర్వాత మూడు.

“నీ బదులు జవాబు నేనిస్తా, అమ్మా,” అంటూ బ్రిన్ చెయ్యి చాపింది.

“వద్దు.”

కర్టిస్ అందరినీ పలకరిస్తూ, నవ్వుతూ హాలు దాటి వచ్చాడు. కిటికీ దగ్గరికి వచ్చాక నవ్వు తీసేశాడు.

“ఫోన్ చూడలేదా?”

“చూశాను.”

“మరి?”

అతని వెనక బన్నుల కోసం వరస కట్టినవాళ్లు వింటున్నారని తెలిసీ లోర్నా గొంతు తగ్గించలేదు.

“జవాబివ్వలేదు. ఆ రోజు కూడా ఇవ్వకుండా ఉంటే గుంటలో పడేదాన్ని కాదు. ఇవ్వకపోతే ఏమవుతుందో శనివారం లోపు బ్రిన్‌కి తెలియాలి. ఏం చేస్తావో ఇప్పుడే చెయ్యి, కర్టిస్. అది చూస్తోంది.”