ముస్రత్ వేసిన జేబు కుట్టు

ఆదోనిలో ముస్రత్ జేబు మూలకు కుట్టు వేసిందంటే అది ఊడే మాటే లేదు. మిషన్‌ను ముందుకీ వెనక్కీ నడిపి, ఒకేచోట నలభైసార్లు సూది దించుతుంది. అలాంటి మనిషి ముందు గురురాజ చిరిగిన ప్యాంటు పడేశాడు, అంగడి నిండా జనం ఉండగా.

"ఏం కుట్టినావమ్మా? కొత్త ప్యాంటు, ఒక్క పూట రాలేదు!"

ప్యాంటు మోకాలి దగ్గర రెండు ముక్కలైంది.

"యాడ చినిగిందన్నా?"

"ఉరుకుంద జాతర బస్సులో. టవల్ లేక, దీన్నే కిటికీలోంచి సీటు మింద ఏసినా. సీటు నాదని లోపల ఒగడు లాగినాడు, బయట్నుంచి నేను లాగినా. వాని పక్క పదిమంది పట్టినారు, నా పక్క ఊరంతా. బస్సే ఒరిగిపోయిందనుకో!"

జనం నవ్వారు. ముస్రత్‌కు ఒళ్లు మండింది. "గుడ్డ చినిగితే నా కుట్టును తిడతావా? నలుగుర్లో నా పరువు తీస్తావా? జేబు సూడు, ఒక్క పోగన్నా లేసిందా?"

"రేపో మాపో అదీ ఊడుతుంది."

"అట్లనా!" ఆమె ఆ జేబును గోడ మేకుకు తగిలించింది. "గుడ్డ పట్టుకొని యాలాడు."

గురురాజ తొంభై కిలోల మనిషి. కాళ్లు పైకెత్తగానే దబ్బున పడ్డాడు. చేతిలో గుడ్డ, గుడ్డకు జేబు, జేబులో మేకు, మేకుతోపాటు సగం గోడ వచ్చాయి. కుట్టు చెక్కుచెదరలేదు.

దుమ్ములోంచి గురురాజ దగ్గాడు. "కుట్టు గట్టిదేనమ్మా, ఒప్పుకుంటాండా. గోడే నాసిరకం."

"ఆ గోడ కట్టింది మా అబ్బాజానే!" అంటూ ముస్రత్ గజంకట్టె అందుకుంది.