తట్టే చెయ్యి

నాచారం చర్చి వరండా చూరు కింద గడ్డి అంటించి, ఆ సెగకు డప్పు కాచుకుంటున్నాడు కృపానందం. అది పంతొమ్మిది వందల అరవై ఏడు వానాకాలం. ముసురుకు తోలు మెత్తబడింది. మిల్లులో పని దొరికి ఊరొదిలి వచ్చిన నాడు అటకెక్కించిన డప్పు. టీచరమ్మ అయిన కూతురు విక్టోరియా అడిగితే ఇవాళే దించాడు.

హాల్లో ఆమె పెట్టిన పాటల సభ. సొంత దేశం నుంచి తరిమేసిన ఒక యూదు కవి బతుకునూ పద్యాలనూ తెలుగు పాటలుగా కట్టింది. వినడానికి ఉప్పల్ నుంచి కూడా నడిచి వచ్చారు. అందులో ఒకటి అన్నం తింటున్నా కృపానందం నోట్లో ఆడుతూనే ఉంది:

"ఇల్లు గుంజుకున్నరు, తలుపు మూసుకున్నరు,
తట్టే చెయ్యి నాది, తట్టే చెయ్యి నాది."

ఆ తట్టుడు డప్పు మీదే పలకాలని ఆమె పట్టు.

సంఘపెద్ద దేవసహాయం గొడుగు ముడుస్తూ వచ్చి మంట చూశాడు.

"ఏంది బావ గిది? పీనుగు ముంగట కొట్టేది దేవుని ఇంట్ల కొడతవా? గదంత ఊర్లనే ఇడిసి రాలేదా మనం? హార్మోనియం సాలదా?"

"హార్మోనియం తలుపు తట్టది మామ," అంది విక్టోరియా.

"అసలు గా కవే మనోడు గాదు. బాప్తిస్మం లేనోడు."

"ఆదివారం మనం బైబిల్ల సదివే కీర్తనలు రాసిన యూదులు ఏ చర్చిల దీసుకున్నరు మామ బాప్తిస్మం?"

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. దేవసహాయం మొహం కందగడ్డయింది.

"డప్పన్న ఉండాలె, హాలన్న ఉండాలె. జెప్పు బావ."

ఊళ్లో దొర గడి ముందు చెప్పులు విప్పి ఈ డప్పు కొట్టిన రోజులు కృపానందానికి గుర్తొచ్చాయి. అప్పుడు కొట్టమంటే కొట్టాడు. ఇప్పుడు వద్దంటే మానాలా? నీ భాష వదిలేస్తే ఉండనిస్తామని ఆ కవికీ చెప్పారట. వదలక, దాన్నే చంకన పెట్టుకుని దేశాలు పట్టి పోయాడట.

"డప్పే ఉంటది బావ. నీ హాలు నువ్వే ఉంచుకో."

దేవసహాయం లోపలి జనాన్ని బయటికి పంపి, తలుపేసి తాళం పెట్టాడు. ఇక ఇళ్లకు పోతారనుకున్నాడు. ఉప్పల్ నుంచి నడిచి వచ్చిన మరియమ్మ కొంగు నెత్తిన కప్పుకుని తడి మెట్ల మీదే చతికిలబడింది. ఆమె పక్కన ఇంకొకరు, ఆ పక్కన ఇంకొకరు.

"వానల ఎంతసేపు పాడ్తరు?" అన్నాడు దేవసహాయం, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

"అయ్యేదాంక మామ. వచ్చే ఆదివారం గూడ ఈడనే."

విక్టోరియా ఎత్తుకుంది. పాట 'తలుపు మూసుకున్నరు' అన్న మాట దాకా వచ్చింది. కృపానందం లేచి, తాళం వేసిన తలుపుకు ఎదురుగా నిలబడి, కుడిచేతి పుల్ల ఎత్తాడు.

మొదటి దెబ్బకు తలుపు గడియ గల్లుమంది.