గురవయ్య తీసిన మర్రిగూడ ముఖాలు

గురవయ్య గారి ఫోటోలు నూట యాభై మూడు. వాటిని ఆయన కూతురు మెర్సీ రెండు బిస్కెట్ డబ్బాల్లో సర్దుకొని మర్రిగూడ నుంచి రామన్నపేటలోని మా ఇంటికి బస్సులో తెచ్చింది. నల్లగొండలో ఒక సంస్థ గణతంత్ర దినోత్సవానికి జిల్లా మాజీ సైనికుల జ్ఞాపకాలతో ప్రదర్శన పెడుతోంది. ఏ సేకరణకు గోడ మీద చోటివ్వాలో తేల్చడానికి ప్రతిదానికీ ఒక వివరణ పట్టిక కావాలన్నారు. చరిత్ర చదివినవాణ్ణి గనుక ఆ పని నాకు అప్పగించారు.

మెర్సీ బడిలో టీచరు. తండ్రి పోయి నాలుగేళ్లయింది.

"నాయిన బొమ్మలు నలుగురు చూడాలె సార్. ఒక్క గోడ దొరికితే సాలు" అంది.

మొదటి డబ్బాలో నలభై ఒక్కటి. డెబ్బయి ఒకటి యుద్ధంలో గురవయ్య తూర్పు సరిహద్దున వంతెనలు కట్టే దళంలో సిపాయి. బెంగళూరులో కొన్న డబ్బా కెమెరా ఆయన వెంట ఉండేది. నది మీద తేలే వంతెన, దాని మీద బూట్లతో సహా నిటారుగా నిలబడ్డ పన్నెండు మంది, లారీ అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్న ఒక జవాను. ఒక్కదానిలోనూ చెయ్యి వణకలేదు.

రెండో డబ్బాలో నూట పన్నెండు. సైన్యం నుంచి వచ్చాక గురవయ్య నీటి సరఫరా శాఖలో చేతిపంపుల మెకానిక్‌గా చేరి, పాతికేళ్లకు పైగా మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్లు తిరిగారు. ఫ్లోరైడు నీళ్లు తాగి తరాల తరబడి ఎముకలు వంకరపోయిన ఊళ్లవి. ప్రతి ఫోటోలోనూ బోరింగు పక్కన ఒకరో ఇద్దరో ఉన్నారు. అయితే నూట పన్నెండింటిలోనూ మనుషులు నడుము దగ్గరే ఆగిపోయారు; కాళ్లు పడలేదు. నేను పట్టికలో రాశాను: "రెండో భాగం: చట్రంలో బొమ్మను కుదర్చడంలో లోపం."

మెర్సీ ఆ వాక్యం రెండుసార్లు చదివింది.

"లోపమా? మా నాయినకు ఫోటో దీయరాదంటరా సార్?"

"ఒకటో రెండో అయితే పొరపాటు అనుకోవచ్చునమ్మా. అన్నీ ఇలాగే ఉన్నాయి."

"మరి గా నది పుల్ మీదోళ్ల బూట్లు గూడ వడ్డయి గద! పదేండ్లకే చెయ్యి తప్పుతదా?"

ఫోటోలు ఒక్కొక్కటీ తిరగేశాను. ఫోటోల వెనుక గురవయ్య పెన్సిలుతో ఊరు, తేదీ, మనిషి పేరు రాసుకున్నారు. నర్సింగమ్మ అనే పేరు మూడుచోట్ల ఉంది. ఆమె బతికే ఉందని మెర్సీకి తెలుసు. నేను ఇల్లు కదలడం అరుదు. ఆ ఆదివారం మెర్సీ వెంట ఆమె ఊరికి కదిలాను.

నర్సింగమ్మ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. డెబ్బయి దాటాయి. చీర కింద మోకాళ్లు రెండూ బయటికి వంగి ఉన్నాయి.

"గీయన ఎవరే? నీ పెనిమిటా?"

"కాదు పెద్దమ్మా!" మెర్సీ నవ్వు ఆపుకోలేకపోయింది. "సారు. నాయిన బొమ్మలు చూస్తుండు."

"గింత బక్కగున్నడు. జర బువ్వ తినుమను."

ఫోటో చేతికిచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "నేనే. ముక్కుపుడక సూడు, ఎట్ల మెరుస్తాందో. మా ఆడిబిడ్డది, అడుక్కొని వెట్టుకున్న."

నడుము వరకే ఎందుకు తీశారని అడిగాను. ఆమె ఫోటోను ఒళ్లో పెట్టుకుంది.

"పేపరోళ్లు వచ్చేటోళ్లు సారూ. కారు దిగుడే, 'అమ్మా, జర చీర పైకి వట్టు, కాళ్లు అవుపడాలె' అనుడే. తీసుకొని వోయేటోళ్లు. నీ పేరేందని ఒక్కడడుగలే. ఒకదినం గురవయ్యన్న బోరింగు బాగుజేయ వచ్చిండు. కెమెరా దీసిండు. నేను అలవాటు కొద్ది చీర పైకి వట్టిన. గాయన మొఖం తిప్పుకుండు. 'దించు చెల్లే. కాళ్ల బొమ్మలు ఆఫీసుల నిండ ఉన్నయి. నీ మొఖమే ఎవ్వరితాన లేదు' అన్నడు. నాకు సిగ్గయింది. లోపటికి వోయి ముక్కుపుడక వెట్టుకొని వచ్చిన."

"మాకెప్పుడు చెప్పలే పెద్దమ్మా" అంది మెర్సీ.

"ఏం చెప్తడు, మిలిట్రోడు! నోరు తక్కువ, పానా తిప్పుడెక్కువ."

ఇంటికొచ్చి 'లోపం' అన్న ఆ వాక్యం కొట్టేశాను. పట్టిక మళ్లీ మొదటి నుంచి రాశాను; నూట పన్నెండు ఫోటోలకూ వెనుక ఉన్న పేర్లే శీర్షికలుగా పెట్టాను. నడుము దగ్గర ఎందుకు ఆపారో కింద నాలుగు వాక్యాల్లో వివరించి పంపాను.

పది రోజులకు సంస్థ నిర్వాహకుడు మెర్సీకి ఫోన్ చేశాడు. ఆమె అప్పుడు మా ఇంట్లోనే ఉంది; ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"ఫోటోలు బాగున్నాయమ్మా. కానీ వ్యాధి తీవ్రత కనపడాలి. కాళ్లు కనిపించేవి రెండు ఇవ్వండి చాలు. ప్రవేశద్వారం ఎదుటి గోడ మీకే."

తండ్రి బొమ్మలకు ఒక గోడ కోసమే మెర్సీ ఇంత దూరం వచ్చింది. డబ్బా మీద చెయ్యి పెట్టింది.

"లేవు సార్. మా నాయిన దీయలే. దీయరాక కాదు, దీయలే."

"అలా అయితే మెట్ల పక్క గది ఇవ్వగలం."

"ఇయ్యిండ్రి. గా గదే ఇయ్యిండ్రి."

చిన్న గదే. నాలుగు గోడలూ నిండాయి. గణతంత్ర దినోత్సవం నాడు మెర్సీ నర్సింగమ్మను ఆటోలో తీసుకొచ్చింది. ఆమె కర్ర ఆనించుకొని తన బొమ్మ ముందు నిలబడింది. పక్క గోడ మీది బొమ్మల్లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ పోయింది. ఒక పత్రిక విలేకరి లోపలికి వచ్చి, ఆమెను చూసి, కెమెరా ఆమె కాళ్లకు గురిపెట్టి నేల మీద మోకాలు ఆనించి వంగాడు.

నర్సింగమ్మ కర్రతో నేల మీద ఒకసారి కొట్టింది.

"పైకి లే బిడ్డా. మొఖం గీడున్నది."

అతను లేచి నిలబడ్డాడు. ముందు ఆమె పేరు అడిగాడు.