కొలవని రసం

లెగినెం వీపున కషాయాల బుట్ట కట్టుకుని సుకోహార్జో ఊరి వీధుల్లో తిరిగే వ్యాపారి. పసుపు, అల్లం, కచ్చూరం అన్నీ సొంత పెరట్లోవే. ఎవరికి ఏ సీసా వంచాలో, ఎంతవరకు వంచాలో ఆమె చేతికి తెలుసు. పలచన చేస్తే గిరాకీ పోతుంది, చిక్కన చేస్తే లాభం పోతుంది. రెండూ పోకుండా మధ్యలో ఒక సన్నటి గట్టు ఉంటుంది. దాని మీద కాలు జారకుండా నడవడమే వ్యాపారం.

మొగుడు పార్జన్ ఒకప్పుడు సైకిల్ రిక్షా తొక్కేవాడు. ఇప్పుడు కాళ్లు వాచి గుమ్మం దాటలేడు. సర్కారు దవాఖానా నర్సు వుర్యానీ రక్తపరీక్ష కాగితం పట్టుకుని తనే ఇంటికొచ్చింది.

"కిడ్నీలు రెండూ చాలావరకు పోయాయి పెద్దమ్మా. పెద్దాసుపత్రిలో మిషను మీద రక్తం కడిగించాలి. ఆలస్యం చెయ్యొద్దు. పసర్లు, కషాయాలు ఆపెయ్యండి." పెరట్లో మాను మొదలంటా గుత్తులు వేలాడుతున్న బిలింబి చెట్టు ఆమె కంటబడింది. "ముఖ్యంగా ఆ పులుపు కాయ. బీపీకని ఊరంతా దాని రసం తాగుతున్నారు. కిడ్నీలు పోయినవాళ్లకి అది విషం."

నర్సు బండి సందు మలుపు తిరగ్గానే పార్జన్ గొంతు పెగిలింది.

"మా రిక్షా స్టాండులో సర్దీగాడు గుర్తున్నాడా? వాణ్నీ ఇలాగే మిషనుకి కట్టారు. ఏడాది తిరక్కుండా పాతిపెట్టాం. నన్ను ఆ గొట్టాలకి అప్పజెప్పకే."

"నేనుండగా నిన్నెవరు పట్టుకుపోతారు? నోరు మూసుకుని పడుకో."

నర్సు మాటను లెగినెం పోటీ వ్యాపారి మాటలాగే తూచింది. చేపలమ్మేదాన్ని అడిగితే కోడిమాంసం నీచంటుంది. ఆసుపత్రి వాళ్ల సరుకు మిషను. చెట్టుకు ఊరికే కాసే కాయను వాళ్లెందుకు మెచ్చుకుంటారు? పులియబెట్టిన సోయా టెంపే అమ్మే వాగియాకు బీపీ దిగింది ఈ కాయ రసంతోనే కదా. లెక్క సరిగ్గానే కనబడింది. ముంచే లెక్కలు వేసినప్పుడు సరిగ్గానే కనబడతాయి.

వాగియాకు పోసేది చిన్న గ్లాసు, అందులో సగం నీళ్లు. అది అమ్మకం, దానికి కొలత ఉంటుంది. కట్టుకున్నవాడికి కొలతేమిటి? పండిన కాయలు ఏరి, చుక్క నీళ్లు కలపకుండా పిండి, పొద్దునా సాయంత్రం చెంబుతో తాగించింది.

"జబ్బు సంగతి తర్వాత, ముందు పళ్లు రాలేట్టున్నాయే."

"రాలితే గంజి కాచి పోస్తాలే. తాగు."

కొన్నాళ్లకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. వాగియా చూసి నవ్వింది.

"బావనెవరో గట్టిగా తలుచుకుంటున్నారు. రిక్షా ఎక్కిన పాత చుట్టమేమో, కనుక్కో అక్కా!"

"నిన్ను ఎక్కించుకున్నందుకే నా, ఇక్, నా కాళ్లు వాచాయి!" అన్నాడు పార్జన్.

ముగ్గురూ నవ్వారు. ఎక్కిళ్లు మాత్రం ఆగలేదు. లెగినెం చంటిపిల్లలకి పెట్టినట్టు అతని నుదుట తమలపాకు ముక్క తడిపి అంటించింది. పులుపుకి తగ్గుతాయని ఇంకో చెంబు పోసింది. మర్నాడు మధ్యాహ్నానికి పార్జన్ పెళ్లాన్ని తేరిపార చూసి, "ఎక్కడికి పోవాలమ్మా? స్టాండు దగ్గర దింపెయ్యనా?" అన్నాడు. చేతులు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి. వాగియా ఎవరి వ్యానో మాట్లాడి తెచ్చింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు మొదట అడిగిన మాట, "ఏం తాగించారు? ఏదైనా కాయ, పసరు?"

పక్క బెంచీ మీద వాగియా, ఆమె పక్కన సంతలో రోజూ కషాయం కొనే ఆడవాళ్లిద్దరు. లెగినెం వాళ్ల వంక చూసింది. ఒక్క మాట బయటికొస్తే రేపట్నించి బుట్ట ఎత్తక్కర్లేదు. అయినా సూది వేసేవాడికి రసం సంగతి ఎందుకు?

"అన్నం, టెంపే. అంతే బాబూ."

డాక్టరు నమ్మాడు. మెదడులో నరం చిట్లిందేమోనని తలకు ఫోటో తీయించడానికి పంపాడు. అక్కడ వరస, ఆపైన కాగితం కోసం ఎదురుచూపు. మంచం తిరిగొచ్చేసరికి ఫిట్లు ముదిరాయి. ఈసారి నాలుక తెగి నోట నెత్తురొచ్చింది. అప్పుడు లెగినెం డాక్టరు చొక్కా పట్టుకుని తెర వెనక్కి లాగింది.

"బిలింబి రసం పోశాను బాబూ."

"ఎంత?"

ఊళ్లో ఎవరి గ్లాసు కొలత అడిగినా చెప్పగలదు.

"కొలవలేదు."

"వచ్చీరాగానే చెప్పాల్సింది" అంటూనే అతను మిషను కోసం పరుగెత్తాడు. పార్జన్ ఆ గొట్టాల మధ్యే పోయాడు.

ఏడో రోజు ప్రార్థనలయ్యాక ఆడవాళ్లు పెరట్లో చాపల మీద కూర్చున్నారు. వాగియా ముక్కు చీదుకుంది.

"మిషనే మింగింది బావని. ఇంట్లోనే ఉంచుకుని నీ రసం పోసుంటే లేచి తిరిగేవాడక్కా."

అందరూ అవునన్నట్టు తలలూపారు. లెగినెంకి అర్థమైంది. తన సరుకు పేరు పోలేదు, పెరిగింది. నోరు విప్పకపోతే చాలు.

"మిషను కాదే. నా రసమే చంపింది. డాక్టరు అడిగితే దాచాను కూడా."

ఒక ముసలమ్మ గొంతు తగ్గించి, "పాపం, దుఃఖానికి మతి చెదిరింది" అంది.

"నీకిప్పుడు ఓపికెక్కడిది అక్కా" అంటూ వాగియా లేచింది. "కూర్చో. కాయలు నేనే కోసుకుంటాలే."

"వద్దే వాగియా! నీ కిడ్నీలెలా ఉన్నాయో ముందు రక్తం చూపించుకోవే!"

"అలాగేలే, చూపించుకుంటాలే" అంది వాగియా పసిపిల్లతో అన్నట్టు. కొమ్మ వంచి గుత్తి తెంపింది. మిగతావాళ్లు కాయల కోసం కొంగులు పట్టారు. లెగినెం లేవబోతే ఇద్దరు ప్రేమగా భుజాలు పట్టి కూర్చోబెట్టి, చేతిలో వేడి టీ గ్లాసు పెట్టారు.