లైను చివర చప్పుడు

బాపట్లలో పాసింజరెక్కినప్పటి నుంచి సరోజ వేళ్లు ఒళ్లో ఉన్న సంచి మీద ఏదో వాయిస్తూనే ఉన్నాయి. ఎదుటి సీటు పెద్దాయన అది చూసి, "తెనాలిలో కచేరీ ఏమైనా ఉందా అమ్మా?" అని నవ్వాడు. సరోజకు నవ్వు రాలేదు. ఎంత వాయించినా ఆ వరస కుదరడం లేదు మరి.

భర్త యాకోబు పోయి రెండేళ్లయింది. మనిషి రూపానికేం లోటు లేదు, గోడ నిండా ఫొటోలే. గొంతు ఫోనులో ఉంది. క్రిస్మసు పాట ఎత్తుకుని, మధ్యలో శ్రుతి తప్పి, తనకు తానే నవ్వుకున్న ముక్క. ఎటొచ్చీ ఆయన కంప్యూటర్ కొట్టే చప్పుడు మాత్రం ఎక్కడా లేదు. రేపల్లె స్టేషన్ రోడ్డులో వాళ్ల ముందు గది టైపు ఇన్‌స్టిట్యూట్, వెనక గది వంటిల్లు. ఏళ్ల తరబడి ఆమె ఆ చప్పుడు వింటూనే కూరలకు తిరగమోత పెట్టింది. మొన్నామధ్య పప్పు దించి, ఆ చప్పుడు గుర్తు చేసుకుందామనుకుంటే రాలేదు. ఎంత తన్నుకున్నా రాలేదు. గరిటె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చింది. మనిషి పోవడం ఒక ఎత్తు, ఉన్న కాస్త జ్ఞాపకమూ చేతుల్లోంచి జారిపోవడం ఇంకో ఎత్తు.

అది అందరి కంప్యూటర్లూ చేసే చప్పుడు కాదు. యాకోబు టైపు మిషను మీద చెయ్యి తిరిగినవాడు. లైను పూర్తయితే మిషను ఎడమ పక్కనుండే మీటను తోసి కొత్త లైనుకు పోవాలి. కంప్యూటర్ కొన్నాక ఆ మీట లేదు. కానీ ఆ సంగతి చేతికి ఎవరు చెబుతారు? లైను చివర కుడి చెయ్యి ఎంటర్ నొక్కినా సరే, ఎడమ చెయ్యి కూడా లేచేది. మానిటర్ చెంప మీద పడేది. పెళ్లి ఉంగరం టక్కుమనేది.

"పాపం, దాని చెంప వాచిపోతోందండీ, వదిలెయ్యండి!" అని సరోజ వంటింట్లోంచి కేకేసేది.

"ఇదుగో, ఇక కొట్టను" అనేవాడాయన. టకటకటకటక. మళ్లీ టక్.

పల్చటి తెరలొచ్చాక కొట్టడానికి చెంపే లేకపోయింది, అలవాటూ పోయింది. పాతది అటకెక్కింది. రేపల్లె ఖాళీ చేసి బాపట్లలో చెల్లెలి పక్కింట్లోకి మారినప్పుడు విరిగిన బల్లలతో పాటు అదీ తెనాలి పాతసామాన్ల లారీ ఎక్కింది. ఆ రోజు సరోజకు చీమ కుట్టినట్టయినా లేదు.

అందుకే ఈ ప్రయాణం. తెనాలిలో జాన్ బాబుది పేరుకు రిపేరు కొట్టే గాని, వెనక గది నిండా పాత కంప్యూటర్లు. సినిమావాళ్లకు అద్దెకిస్తాడు. ఏ కాలం కథకు ఏ మోడల్ పెట్టాలో వాళ్లు అతన్నే అడుగుతారు. ఒకప్పుడు యాకోబు దగ్గర టైపూ, ఆ తర్వాత కంప్యూటరూ నేర్చుకున్నవాడు. యాభై దాటాయి, అయినా ఆమెను చూడగానే కుర్రాడిలా లేచి నిలబడ్డాడు.

"మాష్టారి కంప్యూటరాండి? నాకూ సరిగ్గా గుర్తులేదండి అమ్మగారూ. మోడల్ పేరేమన్నా తెలుసాండి?"

"పేరేంటి బాబూ, నేను దాన్ని నా సవతి అనేదాన్ని."

జాన్ బాబు నవ్వి, స్టూలు తుడిచి ఆమెను కూర్చోబెట్టాడు. "సరే, నేనడుగుతా, చెప్పండి. పెట్టె ముందు తాళం కన్నం ఉండేదాండి?"

"లేదు."

"అయితే టూ ఎయిట్ సిక్స్ మోడల్ కాకపోవచ్చు. ఎఫ్ వన్, ఎఫ్ టూ అనే కీలు పైన వరసగా ఉండేవా?"

"కాదు, ఎడమ పక్క. నిలువుగా రెండు వరసలు. దుమ్ము తుడిచింది నేనేగా."

"స్విచ్చి?"

"కుడిపక్క, బాగా వెనక్కి. ఎర్రది. చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కున్నట్టు తడుముకునేవారు."

"అక్షరాలు ఆకుపచ్చవాండి?"

"తేనె రంగు."

జాన్ బాబు మొహం విప్పారింది. "ఎక్స్‌టీ అండి! రెండున్నాయి నా దగ్గర."

మొదటి కీబోర్డ్ మీద సరోజ నాలుగు కీలు నొక్కి పెదవి విరిచింది. "ఇది నానిన అటుకుల్లా ఉంది. ఇది కాదు." రెండోది నొక్కగానే వేలు ఆగిపోయింది. టక్. ఇంకోటి నొక్కింది. టక్. గబుక్కున లేచి, మానిటర్ ఎడమ చెంప మీద చెయ్యి వేసి, పైనుంచి కిందకు నిమిరింది. అన్నేళ్ల ఉంగరం దెబ్బలకు అక్కడ చిన్న గుంటే పడి ఉండాలి.

నున్నగా ఉంది.

"ఇది మాది కాదు బాబూ."

"మోడల్ మాత్రం ఇదేనండి, అనుమానం లేదు."

"మోడల్ ఇదే. మాది కాదు." చెయ్యి తీసి కొంగుతో తుడుచుకుంది. మాది ఎక్కడో కరిగి ఎవరి బకెట్టో అయి ఉంటుందనుకుంది. ఇంత వయసొచ్చి, ఒక ప్లాస్టిక్ పెట్టె కోసం రైలెక్కి వచ్చినందుకు సిగ్గేసింది కూడా.

"ఇంత దూరం వచ్చారు. ఆ అక్షరాలన్నా చూసి వెళ్లండి" అంటూ జాన్ బాబు వెనక్కి చెయ్యి పోనిచ్చి ఎర్ర స్విచ్చి వేశాడు. పెట్టె గురగురమంది. నల్లటి తెర మీద తేనె రంగు అక్షరాలు లేచాయి. సరోజ చూడలేక కళ్లు మూసుకుంది.

"మాష్టారు నేర్పిన డియర్ సార్ ఉత్తరమే కొడతానండి" అని అతను కూర్చున్నాడు.

టకటకటకటక. టకటకటక. టక్.

సరోజ కళ్లు తెరిచింది. జాన్ బాబు ఎడమ చెయ్యి మానిటర్ చెంప మీద ఉంది. వేలికి పెళ్లి ఉంగరం. అతను ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"ఇదేంటండీ... కొత్త వాటి మీద రోజంతా కొడతాను, ఎప్పుడూ లేవదండి ఈ చెయ్యి." తేరుకుని మెల్లగా నవ్వాడు. "మాష్టారు కొట్టేవారు కదాండి, అలా కొడితేనే కంప్యూటర్ లైను మారుతుందనుకునేవాళ్లం. మా బ్యాచ్ బ్యాచంతా అలాగే కొట్టాం. కాదని ఆయనా చెప్పలేదు."

సరోజకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. జాన్ బాబు కంగారుపడి, మానిటర్ చెంప చూశాడు. "అయ్యో, గీత పడిందండి."

"పడనీ" అంది సరోజ, స్టూలు దగ్గరకు లాక్కుని మళ్లీ కళ్లు మూసుకుంటూ. "ఇంకో లైను కొట్టు నాయనా."