ఎవరి గుంట?

మా తమ్ముడు అప్పలనరసింహానికి రెండో పెళ్లి చేసింది నేనే. వాడు వద్దు మొర్రో అంటున్నా వినకుండా తెనాలి దాకా పోయి, దుర్గాంబను చూసి, ఖాయం చేసి మరీ వచ్చాను. అందుకే ఆ కాపురంలో ఏ చిన్న తేడా వచ్చినా నర్సీపట్నంలో అందరూ నా ముఖమే చూస్తారు. చూడనీ. నేనేం భయపడే మనిషినా?

తేడా అంతా పిల్లతోనే. తల్లి పోయినప్పటి నుంచీ లోవలక్ష్మి నా కొంగు పట్టుకునే తిరిగింది. దుర్గాంబ వచ్చి ఏడాది కావస్తున్నా ఆమెను ఏ పిలుపూ పిలవదు. అడిగినదానికి తలూపుతుంది, పెట్టింది తింటుంది, అంతే. ఈ సంగతి రావికమతంలో ఉన్న వాళ్ల అమ్మమ్మ చెవిన పడింది. "గుంట బెంగెట్టుకుపోతంది. సోమారం వొచ్చి నాకాడికి తీసుకుపోతాను, ఇక్కడే సదువుకుంటాది" అని కబురు పెట్టింది. అది విని దుర్గాంబ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. కళ్లెర్రబడి వస్తే, పొయ్యి పొగ అంది. పొయ్యి రాజెయ్యందే పొగెక్కణ్ణుంచి వస్తుంది?

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏటి వేసవి అది. ఆదివారం పొద్దున్నే మా తమ్ముడు ఈ అక్కగారి దగ్గరికొచ్చి, "అప్పా, వెళ్లిపోయే ముందు గుంటకి ఓసారి సముద్రం చూపించేద్దాం" అన్నాడు. అన్నాడో లేదో వాడికి అక్షింతలు పడ్డాయి.

"మళ్లీ ఆ మాటేనా? చక్కగా లక్ష్మీ అని పిలవలేరూ?" అంది దుర్గాంబ.

మా వైపు గుంట అంటే ఆడపిల్ల. "మా గుంట" అన్నామంటే మా బంగారుతల్లి అన్నట్టే. దుర్గాంబ వైపు గుంట అంటే గొయ్యి! ఆడపిల్లను పట్టుకుని గొయ్యి అంటారేమిటని కాపురానికొచ్చిన కొత్తలోనే ఇంటిల్లిపాదికీ ఆ మాట మాన్పించింది. కొత్త కోడలు కదా అని మేమూ సరేనన్నాం.

నక్కపల్లి దాకా బస్సు, అక్కణ్ణుంచి జట్కా. ఒడ్డున ఉన్న పల్లెలో దేవుళ్లనే పడవ మనిషి మమ్మల్ని ఉప్పుటేరు దాటించి ఇసక దీవిలో దింపాడు. "సరుగుడు సెట్ల అవతల మంచినీళ్ల కోసం తవ్విన గొయ్యుందమ్మా. పైన తాటాకులు కప్పుంటాయి. సూసుకుని తిరగండి" అని చెప్పి పడవలో నడుం వాల్చాడు.

ఎంత బాగుందో ఆ చోటు! ఒక పక్క ఏరు, మిగతా అంతా సముద్రం. నా మోకాళ్ల నొప్పులు కూడా మర్చిపోయి దీవంతా తిరిగాను. తమ్ముడు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని నీడన చేరాడు. దుర్గాంబ గవ్వలేరి, కడిగి, పిల్ల దోసిట్లో పోసింది. పిల్ల తీసుకుంది. తీసుకుని నా దగ్గరికొచ్చేసింది. దుర్గాంబ ముఖం చూడలేకపోయాను.

పులిహోర తినేటప్పుడు పిల్ల నా పక్కకి జరిగింది.

"అత్తా, నన్ను గుంట అనొద్దని ఆవిడ అన్నాది కదా?"

"అన్నాది. అయితే ఏటి?"

"మరి నేనెవరి గుంటని?"

ఓలమ్మ! ఏడాదిగా ఈ పిచ్చిది మనసులో పెట్టుకున్నది ఇదా! ఇది తెలియక మేమందరం దిష్టి తీయించడాలూ, తాయెత్తులు కట్టించడాలూ. నా తెలివి తెల్లారినట్టే ఉంది. దుర్గాంబకి అప్పుడే చెప్పేద్దామని చెయ్యి కడుక్కుని లేచాను. ఈలోగా పిల్ల ఎర్రపీత వెంటపడి సరుగుడు చెట్లలోకి పరిగెత్తింది. దుర్గాంబ దాని వెనకే వెళ్లింది.

నేనూ వాళ్ల వెనకే చెట్లు దాటాను. పీత మీదే కళ్లు పెట్టుకుని పిల్ల సరిగ్గా ఆ తాటాకుల వైపే పోతోంది. నేను నోరు తెరిచేలోపే ఎప్పుడూ గొంతు పెంచని దుర్గాంబే అరిచింది.

"గుంట! గుంట! గుంట!"

పిల్ల టక్కున ఆగిపోయింది. వెనక్కి తిరిగింది. ఆ ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను. రివ్వున పరిగెత్తుకొచ్చి దుర్గాంబ నడుం వాటేసుకుంది. దుర్గాంబ ఇసకలో కూలబడింది. పిల్ల ఆమెను వదలకుండానే నా వైపు తిరిగి కేకేసింది.

"అత్తా! అమ్మ నన్ను గుంటా అన్నాది!"

దుర్గాంబ వెర్రిదానిలా నన్ను చూసింది. "వదినా, నేనన్నది ఆ గో..."

"నోర్ముయ్!" అన్నాను. పక్కన కూర్చుని చెవిలో చెప్పాను. "నీ పిల్ల ఏడాదిగా ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తోందే. మళ్లీ అను."

దుర్గాంబ పిల్లని దగ్గరికి లాక్కుంది. ఏడుస్తూనే, "గుంటా... నా గుంటా" అంది. తెనాలి యాసలో ఆ మాట ఎంత వంకరగా పలికిందో! అయినా పిల్లకి అదే చాలు. నాకూ కళ్లు తడిశాయి, అబద్ధమెందుకు?

తిరుగు పడవలో పిల్ల దుర్గాంబ ఒళ్లోనే కూర్చుంది. "అమ్మా, రేపు అమ్మమ్మొస్తే నేను రానని చెప్పేస్తాను" అంది. దుర్గాంబ దాని జుట్టులోని ఇసక దులుపుతూ, "నేనే చెప్తాలే" అంది. మా తమ్ముడు ట్రాన్సిస్టర్ కట్టేశాడు.

దేవుళ్లు తెడ్డేస్తూ అడిగాడు. "ఏటమ్మా ఆ కేకలు? గొయ్యికాడ ఏటైనా అయిపోనాదేటి?"

దుర్గాంబ నా వైపు చూసింది. పిల్ల కూడా చెవులు రిక్కించింది.

"ఏం లేదు నాయనా" అన్నాను. "గుంటని వాళ్లమ్మ పిలిచింది."